తిరిగొచ్చే వెలుగు: ఫైబర్ ఆంప్లిఫయర్లతో నా ఉద్యోగం

గెయిన్ పెంచమని మీ బాస్ అడిగిన మొదటి రోజున మీరు చేయకూడని పని ఒకటుంది. గెయిన్ పెంచడం.

ముందు, ఉన్న వెలుగు ఎక్కడ పోతోందో చూడండి. పోయేదాన్ని ఆపితే చాలాసార్లు పెంచాల్సిన అవసరమే రాదు. ఉద్యోగంలో నేను నేర్చుకున్నదంతా ఇంతే. మిగతాదంతా, ఈ మాట నమ్మని మనుషులతో నేను పడ్డ పోట్లాటలు. ఈ రంగంలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఆ పోట్లాటల్లో కొన్నిటి గురించి రాస్తున్నాను. సమీకరణాలు మీ పుస్తకాల్లో ఉన్నాయి. పోట్లాటలు లేవు. నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చిందో, ఏ ఫైలు ఎక్కడ ఆగిందో మీకు అక్కర్లేదు. నాకూ అక్కర్లేదు.

గాజు వెంట్రుక చేసే పని

ఇది చెప్పేటప్పుడు ఇప్పటికీ నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాదు, లేచి నిలబడి చేతులు తిప్పుతూ చెబుతాను. వెంట్రుకంత సన్నటి గాజు తీగ. అందులో టీవీ బొమ్మ వెలుగు రూపంలో పరుగెడుతుంది. దూరం పోయేకొద్దీ ఆ వెలుగు నీరసిస్తుంది. నాలుగు గదులకు పంచితే ఒక్కో గదికి నాలుగో వంతే మిగులుతుంది. అందుకని మధ్యలో దానికి బలం ఇవ్వాలి. పూర్వం వెలుగును కరెంటుగా మార్చి, ఆ కరెంటును పెంచి, మళ్ళీ వెలుగుగా మార్చేవారు. తర్వాత ఒక అద్భుతమైన ఆలోచన వచ్చింది. గాజులోనే ఎర్బియం అనే లోహాన్ని రవ్వంత కలిపారు. ఒక లేజర్‌తో ఆ ఎర్బియం పరమాణువులకు శక్తి పోస్తూ ఉంటాం. ఆ లేజర్‌ను పంప్ అంటాం. శక్తి నింపుకుని సిద్ధంగా ఉన్న పరమాణువును మన సిగ్నల్ వెలుగు వచ్చి తాకగానే, అది తన శక్తిని అచ్చం అలాంటి వెలుగుగానే విడిచిపెడుతుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. మొత్తం ఎన్ని రెట్లు పెరిగిందో అదే గెయిన్.

ఇందులో ఏ దేవుడి ప్రమేయమూ లేదు, అయినా ఎంత అందంగా ఉందో చూడండి! లోకంలో అద్భుతాలు కావాలంటే అబద్ధాలు నమ్మాల్సిన పని లేదని మా నాన్న అంటుండేవాడు. ఆయన నన్ను చిన్నప్పుడు చేయిపట్టుకుని తర్కసభలకు తీసుకెళ్ళేవాడు. అక్కడ సంఘసంస్కర్తలు, శాస్త్రులు ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చుని గొంతులు బొంగురుపోయేదాకా వాదించుకునేవారు. 'నువ్వు చెప్పేదానికి రుజువేమిటి?' అనే ప్రశ్న నేను అక్కడే నేర్చుకున్నాను. ఇంజనీరింగ్ కాలేజీలో నేర్చుకున్నవన్నీ ఆ తర్వాతే.

కోస్తే పెరిగింది

ప్రభుత్వ ప్రయోగశాల వదిలి నేను చేరిన కంపెనీ జూబ్లీహిల్స్‌లో ఒక అద్దె బంగళాలో ఉండేది. పక్క స్థలంలో ఎప్పుడూ బండలు పగలగొడుతుండేవారు. కింద హాల్లో కేబుల్ టీవీ వాళ్ళకు అమ్మే దిగుమతి సరుకు, మేడమీద మా ఫైబర్ సెక్షన్. ఓనరు సూర్యనారాయణ గారిది పశ్చిమ గోదావరి. ఊరూరా డిష్‌లు బిగించి పైకొచ్చిన మనిషి. విదేశీ పెట్టెలు తెచ్చి అమ్మడం మానేసి సొంతంగా ఆంప్లిఫయర్ తయారు చేయాలని కలగన్నాడు. ఆ కల కన్నందుకు ఆయన్ని నేను ఈనాటికీ గౌరవిస్తాను. ఆ కలలో ఆయన వేలు పెట్టిన తీరును మాత్రం గౌరవించను.

ఊరంతా సాఫ్ట్‌వేర్ జ్వరంతో ఊగుతున్న రోజులవి. అమీర్‌పేటలో కోర్సుల బ్యానర్లు తప్ప గోడలు కనబడేవి కావు. హార్డ్‌వేర్‌లో పనిచేస్తున్నామంటే పెళ్ళిళ్ళలో చుట్టాలు 'అయ్యో, ఇంకా ప్రయత్నిస్తున్నావా?' అని అడిగేవారు. అటువంటప్పుడు కరీంనగర్ నుంచి వచ్చిన శైలజ అనే అమ్మాయి మా దగ్గర చేరింది. వెంగళరావు నగర్ హాస్టల్లో ఉండేది. తనతో చదివిన వాళ్ళంతా మాదాపూర్ బస్సులెక్కుతుంటే ఈ పిల్ల మా మేడ ఎక్కింది. మూడో మనిషి యాదగిరి. తెగిన గాజు తీగలను కరిగించి అతికే పని అతనిది. బాగా భక్తుడు. నాకూ అతనికీ రోజూ దేవుడి మీద వాదం నడిచేది, ఇద్దరం ఒకే డబ్బాలోంచి అన్నం తినేవాళ్ళం.

మొదటి ఆంప్లిఫయర్‌లో గెయిన్ చాలలేదు. సూర్యనారాయణ గారు పైకి వచ్చి నడుం మీద చేతులేసుకుని నిలబడ్డారు.

"ఏంటండీ భారతి గారూ, అంత ఖరీదు పెట్టి ఎర్బియం తీగ తెప్పించానా, ఇంతేనా? ఇంకో చుట్ట కలపండి. తీగ ఎక్కువైతే గెయిన్ ఎక్కువవుద్ది కదా?"

"అవదండీ. పంప్ శక్తి తీగ చివరిదాకా చేరడం లేదు. చేరని చోట ఎర్బియం ఆకలిగా ఉంటుంది. ఆకలిగా ఉన్నది పెట్టదు, తినేస్తుంది. ముందు భాగం పెంచిన వెలుగును వెనక భాగం మింగుతోంది."

"అయితే ఏం చేద్దామంటారు?"

"కోద్దాం."

ఆయన గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "కోస్తారా! అది బంగారం కంటే ఖరీదండీ!"

యాదగిరి కూడా నమ్మలేదు. "కోస్తే పెరుగుడేంది మేడమ్? గిదేం లెక్క? బట్ట కోస్తే పొడుగైతదా?"

"బట్ట కాదు యాదగిరీ, తోకలో దొంగ ఉన్నాడు. తోక కొయ్యి."

కోశాడు. మళ్ళీ అతికాడు. శైలజ మీటర్ చూసి, గెయిన్ పెరిగిందని చేయి ఊపి ఇంకా కొయ్యమంది. మళ్ళీ కోశాడు. గెయిన్ మళ్ళీ పెరిగింది! కోసినకొద్దీ పెరుగుతూ పోయి, ఒకచోట ఆగి, ఆ తర్వాత కోస్తే తగ్గడం మొదలైంది. అదీ సరైన పొడవు. ముందు లెక్క వేశాం, తర్వాత కోసి చూశాం, రెండూ కలిశాయి. ఆ క్షణంలో శైలజ కేక వేసింది చూడండి, కింద హాల్లో సరుకు చూస్తున్న బేరగాడు భయపడి పైకొచ్చాడు. ఉద్యోగంలో ఇలాంటి రోజులు ఎక్కువ ఉండవు. వచ్చినప్పుడు గట్టిగా అరవండి. సిగ్గుపడకండి.

ఆ తర్వాతి మెరుగు పూర్తిగా శైలజదే. తీగను రెండు ముక్కలు చేసి మధ్యలో ఒక గేటు పెడదామంది. వెలుగును ముందుకే పోనిచ్చి వెనక్కి రానివ్వని చిన్న పరికరం అది. ఐసొలేటర్ అంటారు. ఎర్బియం ఊరికే కూర్చోదు, సిగ్నల్ లేకపోయినా తనంత తాను కొంత పిచ్చి వెలుగు చిమ్ముతుంది. అది వెనక్కి పరుగెత్తి, మొదటి ముక్కలో దాచుకున్న శక్తిని దోచేస్తుంది. మధ్యలో గేటు పెట్టగానే ఆ దోపిడీ ఆగింది. పంప్‌ను పిసరంత కూడా పెంచకుండా గెయిన్ పెరిగింది.

చివర కూడా మరో గేటు ఉండాలని మేమిద్దరం పట్టుబట్టాం. బయటికి పోయిన వెలుగు ఎక్కడైనా తగిలి వెనక్కి వస్తే ఆపడానికి. సూర్యనారాయణ గారు ఒప్పుకోలేదు. "ఆ గేటు కూడా కొంత వెలుగు తినేస్తుందన్నారు కదండీ. బయటికొచ్చే చోట ఎందుకు తగ్గించుకోవడం? తీసేయండి." ఓనరు మాట. తీసేశాం. బయట వాడే ప్లగ్గులు మంచివైతే వెనక్కి వచ్చే వెలుగు చాలా కొద్దిగా ఉంటుంది, నడిచిపోతుంది అనుకున్నాం. నడిచిపోతుంది అనుకున్నవే నడవవు. ఇది చదివేవాళ్ళలో రేపు ఓనర్లు అయ్యేవాళ్ళుంటే వాళ్ళకు ఒక మాట: మీ ఇంజనీరు వద్దన్నది మీరు చేయించవచ్చు, అది మీ హక్కు. కాని వద్దన్నాడని మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఫిల్మ్ నగర్ పందెం

అప్పుడే ఫిల్మ్ నగర్‌లో ఒక పాత నిర్మాత కొత్త స్టూడియో కడుతున్నాడు. అక్కడ అందరూ ఆయన్ని 'పెద్దాయన' అనేవారు. షూటింగ్ ఫ్లోర్ మీద కెమెరా చూసే బొమ్మ ఎడిటింగ్ గదుల్లో, ఆఫీసుల్లో, అతిథుల హాల్లో, కొండమీద తన ఇంట్లో కూడా అప్పటికప్పుడు కనబడాలని ఆయన కోరిక. ఒక వెలుగును అన్ని చోట్లకు పంచాలంటే బలమైన ఆంప్లిఫయర్ కావాలి. విదేశీ పెట్టె అమ్మేవాళ్ళు అప్పటికే వచ్చి కూర్చున్నారు.

సూర్యనారాయణ గారు వెళ్ళి మాట ఇచ్చేశారు. ప్రారంభోత్సవం రోజు ముహూర్తం షాట్ అన్ని గదుల్లో తేటగా కనిపిస్తే మా పెట్టె ఉంటుంది. లేకపోతే విదేశీ పెట్టె వస్తుంది. తిరిగొచ్చి మమ్మల్ని పిలిచి ఉన్నమాట చెప్పారు.

"దాచిపెట్టను. ఇది పోతే నా దగ్గర పైన సెక్షన్ నడిపే ఓపిక లేదు. మూసేసి మళ్ళీ దిగుమతి సరుకే అమ్ముకుంటాను. శైలజా, నువ్వు వేరే చూసుకోవాల్సి ఉంటుందమ్మా."

మెట్లు ఎక్కుతూ శైలజ నాతో అంది. "మా బాపు ఎదురుచూస్తున్నడు మేడమ్. గీ సెక్షన్ మూతపడితే నన్ను సీదా అమీర్‌పేటల కోర్సుల చేర్పిస్తడు. నాకు రాదని కాదు. నాకు గిదే కావాలె."

'నాకు ఇదే కావాలి' అని ఇరవైల్లో ఉన్న ఒక అమ్మాయి అనగలిగితే, ఆ మాట నిలబెట్టడం చుట్టూ ఉన్న పెద్దవాళ్ళ బాధ్యత. నేను ఆ పందేన్ని నా పందెం చేసుకున్నాను.

దండల వెనక

మా పెట్టెను స్టూడియో కంట్రోల్ రూంలో బిగించి పరీక్షించాం. బొమ్మ కడిగిన అద్దంలా వచ్చింది. ప్రారంభోత్సవానికి ముందురోజు ఉదయం చివరిసారి చూసుకుందామని ముగ్గురం బయల్దేరాం. కృష్ణానగర్ మలుపులో జూనియర్ ఆర్టిస్టులు మేకప్ సామాను సంచులతో స్టూడియో వ్యాన్ కోసం నిలబడి ఉన్నారు. యాదగిరి ఆటోలోంచి వాళ్ళకు చెయ్యి ఊపి, "రేపు మీరందరు మా పెట్టెలకెళ్ళే కనవడ్తరు!" అని అరిచాడు.

కంట్రోల్ రూంలో టీవీ పెట్టి చూశాం. బొమ్మ నిండా చుక్కలు, గీతలు. మనుషులు ఇసుక తుఫానులో నడుస్తున్నట్టున్నారు.

సూర్యనారాయణ గారు పరుగెత్తుకుంటూ వచ్చారు. "పంప్ పెంచండి!" పెంచాం. చుక్కలు ఎక్కువయ్యాయి. "ఇంకా పెంచండి!" ఇంకా పాడైంది. అప్పటికే స్టూడియో సిద్ధాంతి గారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. పట్టుపంచె, కళ్ళజోడు, చాలా మర్యాదైన మనిషి.

"ఈ యంత్రం నైరుతిలో ఉంది తల్లీ. నైరుతి బరువుకు, అగ్నికి కాదు. ఆగ్నేయంలోకి జరిపించండి, సర్దుకుంటుంది."

"నిన్న కూడా నైరుతిలోనే ఉందండీ. నిన్న బొమ్మ బాగుంది," అన్నాను.

"నిన్నటి తిథి వేరు, ఈ రోజు తిథి వేరు."

సూర్యనారాయణ గారు నా వైపు బతిమాలుతున్నట్టు చూశారు. నేను జరిపించాను. అవును, నేనే జరిపించాను. వాదానికంటే ప్రయోగం మేలు. నలుగురు మనుషులు పెట్టెను ఆగ్నేయానికి మోశారు. చుక్కలు కూడా ఆగ్నేయానికి వచ్చాయి. "సరేనండీ, ఆగ్నేయం చూశాం. ఇప్పుడు మమ్మల్ని చూడనివ్వండి," అన్నాను.

శైలజ నేల మీద కూర్చుంది. పెట్టె బయటికి వచ్చే చోట, వెనక్కి తిరిగివచ్చే వెలుగును పక్కకు తీసే చిన్న గాజు జోడింపు ఒకటి కలిపింది. దాని చివర మీటర్ పెట్టింది. అంతసేపూ మేము బయటికి పోయే వెలుగునే కొలుస్తున్నాం. తిరిగొచ్చేదాన్ని ఎవరూ అడగలేదు.

"మేడమ్, చూడుండ్రి. పోయిన వెలుగు తిరిగొస్తున్నది. గింత పెద్దగ!"

నాకు ఒక్కసారిగా అంతా వెలిగింది. పోయిన వెలుగు ఎక్కడో గోడకు కొట్టుకున్నట్టు తగిలి వెనక్కి వస్తోంది. చివర గేటు లేదు కాబట్టి నేరుగా లోపలికి దూరుతోంది. దూరి, ఎర్బియం దాచుకున్న శక్తిని తాను తాగేస్తోంది. సిగ్నల్‌కు మిగలడం లేదు. పంప్ పెంచితే పోయే వెలుగు పెరుగుతుంది, తిరిగొచ్చేదీ పెరుగుతుంది, దొంగ బలుస్తాడు. పొద్దుట్నుంచి మేము దొంగకు అన్నం పెడుతున్నాం!

ఎక్కడ తగులుతోంది? పెట్టె నుంచి బయల్దేరిన తీగ గోడ మీది ప్యానెల్‌లోకి పోతుంది. వెలుగును గదులకు పంచేది అక్కడే. ఆ ప్యానెల్ మాకు కనబడటం లేదు. పసుపు రాసి, బొట్లు పెట్టి, కొత్త పట్టు గుడ్డ కప్పి, దానిపైన బంతిపూల దండలు అడుగు మందాన వేశారు. గుడ్డ కింద నుంచి మా తీగ లోపలికి పోతోంది, అంతే.

"అది ఎప్పుడు చేశారు?" అని మేనేజర్ ప్రసాద్‌ను అడిగాను.

"నిన్న మీరు వెళ్ళాక మేడమ్. పూజ అయిపోయింది. రేపు ముహూర్తం దాకా ఎవరూ ముట్టుకోకూడదు."

బొట్లు పెట్టడం మీద నాకు తగువు లేదు. ఇనుప పెట్టెకు బొట్టు పెడితే గెయిన్ పెరగదు, తగ్గదు. చూడకూడదన్న మాట మీదే నా తగువంతా. చూడకూడని చోటే తప్పు దాక్కుంటుంది. నేను గొంతు పెంచబోయాను. నాకంటే ముందు యాదగిరి చెప్పులు విప్పి ప్యానెల్ ముందుకు పోయాడు. రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు.

"ఏం చేస్తున్నావయ్యా?" అని ప్రసాద్ అడ్డం వచ్చాడు.

"దండం వెట్టుకొని దండ తీస్తున్న అన్నా. గింత చిన్న పనికి దేవుడు కోపం చేస్కోడు. చేస్కుంటే నా మీదనే చేస్కుంటడు, నీకేం ఫికర్?"

దండలు తీసి పళ్ళెంలో పెట్టాడు. గుడ్డ ఎత్తాడు. శైలజ లోపలికి తొంగిచూసి గట్టిగా నవ్వేసింది. ఆ నవ్వులో ఏడుపు కూడా ఉంది.

"మేడమ్! నీలం ప్లగ్గులు!"

రంగు సంగతి

మా రంగంలో రంగు అలంకారం కాదు, భాష. పచ్చ ప్లగ్గులో గాజు మొనను కాస్త ఏటవాలుగా చెక్కుతారు. వెలుగు ఏదైనా తగిలి వెనక్కి రాబోతే పక్కకు జారిపోయి అక్కడే ఆరిపోతుంది. నీలం ప్లగ్గులో మొన తిన్నగా ఉంటుంది. దాని పని దానికుంది. కాని మా ప్యానెల్ సాకెట్లలో ఉన్నలాంటి ఏటవాలు మొనకు ఎదురుగా తిన్నటి మొన పెడితే రెండింటి మధ్యా సన్నటి గాలి సందు మిగులుతుంది. వెలుగు అక్కడ కొంత పోతుంది, కొంత వెనక్కి తిరుగుతుంది. చెప్పొచ్చేదేమంటే రెండూ ఒకే గాటులో చక్కగా పడతాయి. 'టక్' మంటుంది కూడా. సరిపోయిందనే అనిపిస్తుంది.

మేము పెట్టిన పచ్చవి ఎవరు తీశారు? ప్రసాద్ నసిగాడు.

"పెద్దాయనకి పచ్చ పడదండీ. జాతకంలో బుధుడు బాగాలేడని సిద్ధాంతి గారు చెప్పారు. ఈ స్టూడియోలో పచ్చ కర్టెన్ కూడా లేదు. వైరింగ్ వాళ్ళని పిలిచి నీలం వేయించాను. నీలం అచ్చొస్తుందట."

నా నోట్లో ఒక ఉపన్యాసం తయారైంది. ఆకాశంలో ఎక్కడో తిరిగే బుధ గ్రహం ఫిల్మ్ నగర్ ప్యానెల్‌లో ప్లగ్గు రంగు చూసుకుంటుందా అని మొదలుపెట్టి, మా నాన్న సభల్లో విన్నవన్నీ దులిపేద్దామనుకున్నాను. యాదగిరి అప్పటికే సంచిలోంచి పచ్చ ప్లగ్గుల తీగ తీశాడు. అప్పుడు ప్రసాద్‌కు ఒక తెలివైన ఆలోచన వచ్చింది.

"మేడమ్, గొడవెందుకు? పచ్చవే పెట్టి పైన నీలం టేపు చుట్టేయండి. ఎవడు చూస్తాడు?"

"బ్రహ్మాండం!" అన్నారు సూర్యనారాయణ గారు. "సినిమా వాళ్ళ బుర్రే వేరండీ."

ఒప్పుకుంటే అయిపోయేది. బొమ్మ వచ్చేది, సెక్షన్ నిలిచేది. నిజంగా చెబుతున్నాను, అందరం తలూపబోతున్నాం. శైలజ నేల మీద నుంచి లేచింది.

"ఒద్దు సార్."

"ఏమ్మా? నీ ఉద్యోగం కోసమే కదా!"

"ఏడాదికో రెండేండ్లకో ఇంకెవరో పనికొస్తరు సార్. టేపు చూసి నీలం అనుకుంటరు. నీలం తీగ తెచ్చి పెడతరు. టక్కుమంటది. బొమ్మ పోతది. మా పెట్టె చెడిపోయిందంటరు. ఆ మనిషికి మనం ఇప్పుడే అబద్ధం చెప్పి పోతున్నట్టు గాదా?"

నేను మింగేసిన ఉపన్యాసం కంటే ఆ నాలుగు మాటలు ఎక్కువ పనిచేశాయి. నేను గ్రహాలతో యుద్ధానికి దిగబోయాను. ఆ పిల్ల ప్లగ్గు దగ్గరే నిలబడింది. తర్కంలో అదే గొప్ప ఎత్తు. ప్రపంచంలో ఉన్న మూఢనమ్మకాలన్నిటితో ఒకేసారి కొట్లాడకండి. మీ చేతిలో ఉన్న వస్తువు దగ్గర కొట్లాడండి. అక్కడ మీకు రుజువు ఉంటుంది.

"పెద్దాయన్ని పిలవండి," అన్నాను ప్రసాద్‌తో. "ఆయన కళ్ళతో ఆయనే చూసి తేల్చుకుంటారు."

చూసి తేల్చుకోవడం

పెద్దాయన వచ్చారు. తెల్ల చొక్కా, తెల్ల చెప్పులు. టీవీ చూసి మొహం మాడ్చుకున్నారు. "ఏమయ్యా సూర్యనారాయణా, ఇదా నీ స్వదేశీ పెట్టె? నా హీరో మొహానికి అమ్మవారు పోసినట్టుందే!"

"సార్, ఒక్క నిమిషం," అంది శైలజ. నీలం ప్లగ్గు లాగేసింది. సాకెట్టు లోపలి మొనను స్పిరిట్ దూదితో తుడిచింది. పచ్చ ప్లగ్గు నొక్కింది.

టక్.

తెర మీద ఇసుక తుఫాను ఆగిపోయింది. ఫ్లోర్ మీద లైట్లు సర్దుతున్న మనిషి చొక్కా గుండీలు కూడా కనిపించాయి. పెద్దాయన కుర్చీలో ముందుకు వంగారు.

"మళ్ళీ పాతది పెట్టు."

పెట్టింది. తుఫాను.

"మళ్ళీ మార్చు."

మార్చింది. గుండీలు.

ఆయనలోని నిర్మాత లేచి కూర్చున్నాడు. బొమ్మ మంచిదా చెడ్డదా అన్న విషయంలో ఆ మనిషికి ఏ జాతకమూ అడ్డు రాదు, అన్నేళ్ళు బొమ్మల మీదే బతికాడు. అయినా అలవాటు చొప్పున సిద్ధాంతి గారి వైపు తిరిగారు. "స్వామీ, ఏమంటారు?"

సిద్ధాంతి గారు కళ్ళజోడు సవరించుకున్నారు. ఓడిపోయే వాదంలో ఉండటం ఆయనకూ ఇష్టం లేదు.

"పచ్చ కంటపడితేనే దోషమండీ. కంటపడనప్పుడు దోషం ఏముంది? ప్యానెల్‌కి ఒక తలుపు పెట్టించండి, నీలం రంగు వేయించండి. శుభం."

పెద్దాయన నా వైపు చూశారు. "తలుపు పెడితే మీకేమైనా నష్టమామ్మా?"

"ఏం లేదండీ. తలుపు అబద్ధం చెప్పదు. మూసి ఉందని మాత్రమే చెబుతుంది. కాకపోతే దాని మీద 'లోపల పచ్చ ప్లగ్గులే వాడాలి' అని పెద్దక్షరాలతో రాయించాలి."

"ఆ రాత నల్ల రంగులో వేయించండి," అన్నారు సిద్ధాంతి గారు వెంటనే. పెద్దాయన పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. సిద్ధాంతి గారి మీద నాకు కోపం పోలేదు గాని ముచ్చట కలిగింది.

ఒక పూటలో రాజమహలు లేపే సెట్టింగుల వడ్రంగులకు తలుపు ఎంత పని? మధ్యాహ్నం భోజనాల వేళకు నీలం తలుపు వచ్చేసింది. ప్లైవుడ్‌దే గాని చెక్కడాలతో, నల్ల అక్షరాలతో సహా. దానికి సామాన్ల గదిలోంచి ఒక జమీందారు బంగళా తాళం తెచ్చి వేశారు. తాళం కప్ప కొబ్బరికాయంత ఉంది.

ముహూర్తం

మర్నాడు ఉదయం క్లాప్ కొట్టారు. హాల్లో, ఆఫీసుల్లో, ఎడిటింగ్ గదుల్లో, కొండమీది ఇంట్లో ఒకేసారి అదే బొమ్మ. ఎక్కడా చుక్క లేదు. ఫోన్లు చేసి ఒక్కో గదినీ అడిగాం. 'సూపర్', 'సూపర్' అనే తప్ప ఇంకో మాట రాలేదు. యాదగిరి తెర మీద కృష్ణానగర్ వాళ్ళను గుర్తుపట్టి పేరు పేరునా పిలుస్తున్నాడు, వాళ్ళకు వినబడుతుందన్నట్టు. విదేశీ పెట్టె వాళ్ళ మనిషి కాఫీ తాగి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

బయట వరండాలో సిద్ధాంతి గారు నలుగురిని చుట్టూ పెట్టుకుని, నీలం తలుపు వేయించాకే బొమ్మ కుదురుకుందని చెబుతున్నారు. వింటున్నవాళ్ళు తలలూపుతున్నారు. నేను అటు వెళ్ళబోతే శైలజ నా కొంగు పట్టుకుని ఆపింది.

"పోనీండ్రి మేడమ్. ఆ తలుపు మీదనే మన మాట రాసుంది గదా."

పెద్దాయన వచ్చి సూర్యనారాయణ గారి భుజం మీద చెయ్యి వేశారు. వెనక కడుతున్న రెండో బిల్డింగుకు కూడా మా పెట్టే కావాలన్నారు. సూర్యనారాయణ గారు ఆనందంతో ఉక్కిరిబిక్కిరై, "తప్పకుండానండీ, నేనే దగ్గరుండి చేయిస్తాను," అన్నారు.

"నువ్వొద్దయ్యా. ఆ అమ్మాయిని పంపు."

అందరం శైలజ వైపు తిరిగాం. ఆమె ఒక్క క్షణం నేల చూసింది. తర్వాత తలెత్తింది.

"వస్త సార్. కని మూడు విషయాలు. కొత్త పెట్టెల చివరి గేటు ఉంటది, అది తీసేయమని మా సార్ అనొద్దు. ప్యానెల్ మీది పూలు తలుపు బయటనే వేసుకోవాలె." ఇక్కడ కాస్త ఆగింది. "ఈ తలుపు తాళం చెవి నా దగ్గరుండాలె. నేను లేనప్పుడు ఎవ్వరూ ప్లగ్గు మార్చొద్దు."

సూర్యనారాయణ గారు నీళ్ళు నమిలారు. నిర్మాతకు షరతులు పెట్టే ఇంజనీరును ఆయన అంతకు ముందు చూడలేదు. నా వైపు చూశారు. నేను ఆమె వైపు చూస్తున్నాను.

"అంతేనా?" అన్నారు పెద్దాయన.

"అంతే సార్."

ఆయన ప్రసాద్‌ను పిలిచి చెయ్యి చాపారు. ప్రసాద్ తాళం చెవి తెచ్చి ఇచ్చాడు. సినిమా వాళ్ళ చెవి, జానెడు పొడుగుంది, ఇత్తడి రంగు వేసిన ఇనుము. పెద్దాయన దాన్ని శైలజ చేతిలో పెట్టారు. ఆమె సంచిలో అది పట్టలేదు. మళ్ళీ తీసి, చేత్తోనే పట్టుకుని, ఫిల్మ్ నగర్ రోడ్డు మీద మా ముందు నడిచింది. నేనూ, యాదగిరీ, ఓనరు గారూ ఆమె వెనక నడిచాం.